మామ కాలి మీద నాలుగు జలగలు

నా పరువు పోయిన రోజులు చాలా ఉన్నాయి. ఒకసారి సంతలో అరటిగెల మీద జారిపడి గెలతో సహా దొర్లుకుంటూ పోలీసు కాళ్ల దగ్గర ఆగాను. ఒకసారి ఊరి పెద్దలు తగవు తీరుస్తుంటే మధ్యలో కూర్చుని గురక పెట్టాను. అవన్నీ చిల్లర. ఒక్క వానాకాలపు పూట, అన్నం వేళ నుంచి పొద్దు వాలే లోపల, ముగ్గురు వైద్యుల్ని చంపి, కాబోయే మామ చేత నడివీధిలో మా కొండవాళ్ల థింసా చిందులు వేయించి, కాబోయే మొగుడికి చెల్లెల్ని అయిపోబోయాను చూడండి, ఆ రోజు సంగతి ఇది. గుండె చేత్తో పట్టుకుని వినండి. నేనైతే ఇప్పటికీ పట్టుకునే చెబుతున్నాను.

నాకు సంతకం తప్ప చదువు లేదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. తప్పులుంటే దానివి, నవ్వొస్తే నాది.

ముందు జలగ సంగతి చెప్పాలి. మైదానం వాళ్లకు జలగ అంటే ఒక పురుగు, అంతే. మా చింతపల్లి వైపు కాఫీ తోటల్లో వానాకాలం గడిపినవాళ్లకు ఆ మాటలో ఒక ఊరే ఉంటుంది. ఆకు చివర దారపు పోగులా నిలబడి, మనిషి వాసన తగలగానే తల ఊపేది తోట జలగ. గేదె పొదుగును పట్టి బొటనవేలంత లావెక్కేది మడుగు జలగ. ఒక పూట భోజనానికి వచ్చి పండగ దాకా కదలని చుట్టమూ జలగే. సంతలో మన మిరియాల బుట్ట పట్టుకుని, బేరం తెగేదాకా చెయ్యి వదలని షావుకారూ జలగే. తల్లి కొంగు వదలని పసిపిల్లనీ జలగ అంటాం, అది మాత్రం ముద్దుగా. ఇక మా ఇంటి చుట్టూ రోజూ జీపు తిప్పే సుందర్రావు అనే డ్రైవరు కుర్రాణ్ణి మా అమ్మ ఏమనేదో మీకు అర్థమయ్యే ఉంటుంది.

“ఒలే కొండమ్మా, నీ జలగ మల్లీ వచ్చినాది. హారను కొడతన్నాది సూడు.”

“జీపు పాడైనాదేమోనే అమ్మా.”

“పాడైతే మెకానిక్కు కాడికెల్తారు గానీ, కొండమ్మ కాడికి వత్తారేటి?”

ఇన్ని రకాల జలగలున్నా, వయసులో ఉన్న నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. ఉప్పు. తోటలో కలుపు తీసే ఆడవాళ్లం అందరం ఒక కర్ర చివర గుడ్డమూట కట్టుకుని తిరిగేవాళ్లం. మూటలో ఉప్పు, పొగాకు పొడి. కాలికి జలగ పట్టిందా, మూటతో ఒక్క అద్దు. చచ్చి రాలుతుంది. మా జట్టులో నా అంత వేగంగా అద్దేది ఎవరూ లేరు. పక్క మనిషి “అమ్మా” అనేలోపల నా కర్ర ఆమె పిక్క మీద ఉండేది. కొందరి పిక్క మీద జలగ లేకపోయినా ఉండేది. అలవాటు అలాంటిది మరి. కన్ను చూసిందా, చెయ్యి లేచిందా, మధ్యలో బుర్రకు పని లేదు.

ఇక సుందర్రావు సంగతి. అతనిది గూడెం కొత్తవీధి అవతల ఊరు. నేను అతన్ని తప్ప ఎవర్నీ చేసుకోనని మా అమ్మకు చెప్పేశాను. మా అయ్య నా చిన్నప్పుడే పోయాడు కాబట్టి ఒప్పుకోవలసింది అమ్మ ఒక్కతే, ఆమె తిట్టుకుంటూనే ఒప్పుకుంది. ఒప్పుకోనిదల్లా అతని తండ్రి బొంజన్న. వాళ్ల వంశానికి పెద్ద. వాళ్లది పులి వంశం, మాది చేప వంశం. వరస కలుస్తుంది, మనసులు కలిశాయి, ఆయన మాట ఒక్కటే కలవాలి. “గుంటని నాను సూడాలి. సూసి సెప్తాను. నాను కాదంటే కాదంతే,” అని కబురు పంపాడు. కాదంటే సుందర్రావు తండ్రిని కాదని రాడు. నాకు అది తెలుసు.

ఆయన వస్తానన్న రోజున నేను పొద్దున్నే తోటకు పోయాను. మధ్యాహ్నానికల్లా వచ్చి స్నానం చేసి కొత్త చీర కట్టుకోవాలని లెక్క. ఆయన మాత్రం మేం అనుకున్న వేళకంటే ముందే దిగిపోయాడు. అంతేకాదు, ఎన్నాళ్లుగానో ఆయన పిక్క వాచి, నెత్తురు గడ్డకట్టి, నడవలేక పోతున్నాడట. మా ఊళ్లో లచ్చన్న గురువు ఉన్నాడని, జలగలు పట్టించి చెడ్డ రక్తం తీస్తాడని విని, ఒక్క ప్రయాణంలో రెండు పనులూ చేసుకుందామని వచ్చాడు. వైద్యం చేసే పెద్దను మేం గురువు అంటాం. లచ్చన్న గురువు తన జలగల్ని తడిమట్టి కుండలో పెట్టి పిల్లల్లా పెంచేవాడు. వాటికి పేర్లు కూడా ఉండేవి.

మా అరుగు మీద బొంజన్నను పడుకోబెట్టి, పిక్కకు నాలుగు మడుగు జలగల్ని పట్టించాడు గురువు. “ఆటికవి తాగి, నిండి, రాలిపోవాలి. ఎవులూ ముట్టుకోకూడదు,” అన్నాడట. “జలగలు రాలినాకే సంబందం మాట,” అన్నాడట బొంజన్న. అని, కళ్లు మూసుకుని నిద్రపోయాడు. ఈలోగా కోడిని కొయ్యాలని మా అమ్మ పెరట్లోకి పోయింది. కోడి దొరకలేదు. సాయం చేద్దామని గురువూ పోయాడు.

ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పుడు నాకు తెలిసిందల్లా, వానలో తడిసి, మోకాళ్ల దాకా బురదతో, చేతిలో ఉప్పుకర్రతో ఇంటికొచ్చేసరికి మా అరుగు మీద ఎవరో ముసలాయన పడి ఉన్నాడని. పంచె తొడ దాకా లేచి ఉంది. నోరు తెరుచుకుని ఉంది. పిక్క మీద, అమ్మ బాబోయ్, నాలుగు! మా తోటలో కనిపించే దారపు పోగులు కావు. ఒక్కొక్కటి జీపు టైరు ముక్కలా నల్లగా, నిగనిగలాడుతూ, గుటకలు వేస్తున్నాయి. కాలి వెంట నెత్తురు కారుతోంది. పాపం ఈ ముసలాయన ఎవరో, ఎక్కడ మడుగులో దిగాడో, జలగలు పీల్చేసి చంపేశాయి, చావడానికి మా అరుగే దొరికింది అనుకున్నాను.

బుర్రకు పని లేదని ముందే చెప్పానుగా. చెయ్యి లేచింది.

“ఓలమ్మో, తాతో!” అని ఒక కేక వేసి అద్దాను. అద్దడమంటే అద్దడం కాదు, వడ్లు దంచినట్టు దంచాను. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటారు. జలగ కాటు మీద ఉప్పు పోటు ఎలా ఉంటుందో ఆ రోజు బొంజన్న చూపించాడు. పడుకున్న మనిషి పడుకున్నట్టే గాల్లోకి లేచాడు. మోకాలు వంచకుండా లేచాడు! నడవలేని మనిషని తర్వాత చెబితే నేను నమ్మలేదు.

“సచ్చిపోనాను! నిప్పెట్టేసింది! నిప్పెట్టేసింది నాయనో!”

“కదలకు తాతా, ఇంకోటుంది!”

“ఎవుత్తివే నువ్వు? దూరంగా పో!”

“పానం కాపాడతంటే పొమ్మంటావేటి? కాలు ఇలాగియ్యి!”

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. మా అరుగు మీద విడవమంటే జలగకు కోపం, విడిపిస్తే ముసలాయనకు కోపం. ఆయన ఒంటికాలి మీద గెంతుతూ వీధిలోకి పోయాడు. నేను వెనకే. ఆయన ఎడమకు దూకితే నా కర్ర ఎడమకు, కుడికి దూకితే కుడికి. థింసాకు డప్పు ఒక్కటే తక్కువ. ఇరుగుపొరుగు తలుపులు తీసుకుని బయటికి వచ్చారు.

ఆ కేకలకు పెరట్లోంచి మా అమ్మ, గురువు పరుగెత్తుకొచ్చారు. అమ్మ చంకలో కోడి. చూసిన క్షణాన అమ్మ చెయ్యి సడలింది, కోడి మళ్లీ పోయింది.

“ఓసి నీ సేతులిరిగిపోను! ఆయనెవులనుకున్నావే? నీ మావే! సుందర్రావుని కన్న బాబే!”

కర్ర నా చేతిలోనే ఉంది. దానిని ఎక్కడ దాచాలో తెలియక కొంగు కింద పెట్టుకున్నాను. మూరెడు కర్ర కొంగులో ఎక్కడ దాగుతుంది? ఎర్రటి ఉప్పునీరు చుక్కలు చుక్కలుగా నా పాదాల మీద పడుతోంది. మామకు మొదటిసారి నన్ను నేను చూపించుకున్న తీరు అది.

లచ్చన్న గురువు మాత్రం మామను చూడలేదు, నన్ను చూడలేదు. అరుగు దగ్గర కూలబడి, తాగిందంతా కక్కి చచ్చిపడి ఉన్న జలగల్ని దోసిట్లోకి తీసుకున్నాడు. “సంపేసినావు కదే గుంటా! ఎంతమందిని నిలబెట్టినాయో తెలుసా ఇవి! ఇది సిట్టి... ఇది బంగారి... ఇది గవర్రాజు...” అని పలవరించి, ఒక్కసారి ఆగిపోయాడు. “పెద్దోడేడీ?”

“పెద్దోడెవులు?” అంది అమ్మ.

“నాలుగోది. అన్నిటికన్నా పెద్దది. ఏదీ అది?”

అరుగు మీద లేదు. అరుగు కింద లేదు. వీధిలో వెతికాం, చూరులో వెతికాం. అందరి చూపులూ మెల్లగా బొంజన్న పంచె వైపు తిరిగాయి. ఆయన ముఖం సున్నం కొట్టినట్టయింది.

“పైకి ఎల్పోనాది,” అన్నాడు సన్నగా.

“దులుపుకో బావా,” అన్నాడు గురువు.

“దులుపుకున్నాను. లేదు. లోపలికెల్పోనాదిరా! నాకు తెలుస్తన్నాది, కడుపులో కదులుతున్నాది!”

ఎవరెంత చెప్పినా వినలేదు. కూర్చోడు, నిలబడడు, రెండు కాళ్లూ దగ్గరికి చేర్చడు. చింతపల్లి ఆసుపత్రికి పోవాలన్నాడు. అప్పటికే సంత జనంతో నిండిన జీపు వేసుకుని సుందర్రావు వచ్చాడు, తండ్రి ఏం మాట చెప్పాడో తెలుసుకుందామని. పాపం, నవ్వుతూ వచ్చాడు.

“ఏటైనాది బాబూ? ఒప్పుకున్నావా?”

“ముందు జీపు తీయరా! ఒప్పుకోవడం బతికుంటే కదా!”

మామ ముందు సీట్లో, తలుపు పట్టుకుని సగం గాల్లో. వెనక జనం మీద జనం, ఆ జనం మీద అమ్మ, గురువు, నేను. ఎవరి కాలు ఎవరిదో తెలియని జీపది. వాన కొడుతోంది, ఘాట్ రోడ్డు మలుపులు తిప్పుతోంది. మలుపు తిరిగిన ప్రతిసారీ మామ “కదిలింది” అంటాడు. ఇక ఈ సంబంధం ఆ లోయలో పడినట్టే అని నేను కళ్లనీళ్లు పెట్టుకున్నాను. వెనక మొగుడి పక్కన కూర్చున్న సంత ఆడమనిషి ఒకామె, పనసపండు ఒళ్లో పెట్టుకుని, ఊరుకోలేక అడిగింది.

“తాతకేటైనాది?”

“జలగ పోనాది,” అన్నాడు గురువు, ఇంకా దుఃఖంలోనే ఉన్నాడు.

“ఎక్కడికి?”

“అదే తెలీదు. పంచెలోంచి ఇటెక్కడికో వచ్చీసినా వచ్చీసుంటాది.”

అంతే! జీపు జీపంతా లేచి నిలబడింది. జీపులో నిలబడే చోటు లేదు, అయినా నిలబడింది. ఒకడు చక్రం మీదుగా దూకాడు. ఒకామె మొగుడి భుజం ఎక్కింది. సుందర్రావు బండి ఆపేశాడు. అందరూ రోడ్డు మీద పడి ఒళ్లు దులుపుకుంటుంటే, వానాకాలం కదా, ప్రతివాడి ఒంటి మీదా ఏదో ఒక తోట జలగ బయటపడింది. “ఇదేనా? ఇదేనా?” అని ఒక్కొక్కరూ గురువు ముందుకు తెస్తున్నారు. ఆయన చూసి, “కాదు, ఇది పెద్దోడు కాదు,” అని తల అడ్డంగా ఊపుతున్నాడు.

నేను తల వంచుకుని ఏడుస్తున్నాను. పనసపండామె నా వెనక నిలబడి వంగి చూసింది.

“ఓలమ్మో! గుంటా! నీ కొప్పు కిందేటే అంత నల్లగా?”

చెయ్యి పెట్టాను. మెత్తగా, చల్లగా, లావుగా తగిలింది. నేను కర్ర ఎత్తి ఊపినప్పుడు, ఉప్పుమూట తగలకుండా కర్రకు అంటుకుని, ఎగిరి నా మెడ మీద పడిందన్నమాట. ఇంతసేపూ ఊరంతా ముసలాయన పంచె దులుపుతుంటే, నా కొప్పు కింద నీడపట్టున భోజనం చేసిందన్నమాట! ఎంతోమంది కాళ్ల మీద జలగలు చంపిన కొండమ్మ, సొంత మెడ మీద జలగను మోసుకుని ఆసుపత్రికి బయలుదేరింది.

గురువు పసుపు అద్ది, నొప్పి కలగకుండా (నాకు కాదు, దానికి) విడిపించి, ముద్దొక్కటి తక్కువగా రుమాల్లో చుట్టుకున్నాడు. బొంజన్న రెండు కాళ్లూ దగ్గరికి చేర్చి, అరుగు దిగిన తర్వాత మొదటిసారి గుండెల నిండా గాలి పీల్చాడు. నవ్వాడు కూడా. “పోన్లెండి. గుంటకి సెయ్యి జోరెక్కువ గానీ, మనసు మంచిదే. ఎవులో ముసిలోడని పానం కాపాడబోనాది...” అని ఒప్పుకునే దారిలో సగం నడిచాడు. సుందర్రావు నా వైపు చూశాడు.

“ఆగు బావా,” అన్నాడు లచ్చన్న గురువు. “తొందరపడకు. నిండా తాగిన జలగ మల్లీ మనిసిని పట్టదు. ఇది ఈ గుంటని పట్టినాదంటే రెండే దారులు. నీ కాలి మీద ఊరికే కూకొని, తాగకుండా ఈ గుంట రగతం తాగుండాలి. లేదా సగం నీ కాడ, సగం ఈ గుంట కాడ తాగుండాలి.”

“తాగితే ఏటి?”

“ఏటంటావేటి? నీ రగతం, గుంట రగతం ఒక్క నోట్లో కలిసి, ఆ నోరే గుంట మెడని కరిసినాది. పులి రగతం ఎక్కిపోతే గుంట పులి వంశమైపోద్ది. నీకు కూతురు వరస. నీ కొడుక్కి సెల్లి!”

మా వైపు ఒకే వంశంలో పెళ్లంటే ఊరు ఊరే కదిలిపోతుంది. సుందర్రావు తెలియకుండానే నా పక్కనుంచి రెండడుగులు జరిగాడు. నా జలగ! హారను కొట్టి కొట్టి మా ఇంటిని వదలని జలగ, ఉప్పు లేకుండానే ఊడిపోయింది!

“కాలు కడగండి. కాట్లు లెక్కెడదాం,” అన్నాడు గురువు. “మూడుంటే పెళ్లి. నాలుగుంటే ఆడపడుచు.”

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. అడుసు తొక్కింది నేను, కాలు కడిగించుకున్నది మా మామ. కొండ మీంచి జారుతున్న ధార కింద ఆయన కాలు పెట్టాడు. జీపు జనమంతా వంగారు. నా బతుకంతా ఆ ముసలి పిక్క మీద ఉంది.

“ఒకటి,” అన్నాడు గురువు.

“ఒకటి,” అన్నారు జనం.

“రెండు... మూడు...”

అందరం ఊపిరి వదిలాం. సుందర్రావు ఒక అడుగు నా వైపు జరిగాడు.

“ఇక్కడ, మోకాలి వెనకాల,” అంది పనసపండామె. “ఇదేటి?”

నాలుగు.

అమ్మ రోడ్డు మీదే కూలబడి, “పోనాదే, నా గుంట బతుకు పోనాది!” అని నెత్తి కొట్టుకుంది. సుందర్రావు జీపెక్కి స్టీరింగు మీద తల వాల్చేశాడు. బొంజన్న నా తల మీద చెయ్యి పెట్టి, చాలా బాధగా, “అమ్మీ,” అన్నాడు. కూతుర్ని పిలిచినట్టు పిలిచాడు! ఆ పిలుపు వినేసరికి నా ఒంట్లో ఏ వంశపు రక్తం ఉందో తెలియదు గానీ, ఉన్నదంతా సర్రున నెత్తికెక్కింది. బుర్రకు పని లేకుండా లేచేది నా చెయ్యి ఒక్కటే అనుకున్నాను. నోరు కూడా.

“మావా! మీ ఇంట్లో మంచముందా?”

“ఉన్నాది. ఏటి?”

“నువ్వూ అత్తా ఆ మంచం మీదే తొంగుంటారా?”

“ఓసి! సిగ్గులేదేటే నీకు!” అని అమ్మ నోరు మూయబోయింది. ఆగితే నేను కొండమ్మనెందుకవుతాను!

“మంచంలో నల్లులున్నాయా లేవా?”

“నల్లుల్లేని మంచమెక్కడుంటాది?”

“మరి రేతిరంతా నిన్ను కుట్టిన నల్లి, అత్తని కుట్టకుండా ఏటి, మూతి కడుక్కొని దిగిపోతాదా? ఎన్నేల్లయింది మీ కాపరం? ఇప్పుడు సెప్పు, మా అత్త నీకేటవుద్ది?”



బొంజన్న గురువు వైపు చూశాడు. గురువు, “నల్లి ఏరు... జలగ ఏరు...” అని ఏదో నసిగాడు గానీ, మధ్యలో చెయ్యి తనంతట తానే వీపు గోక్కుంది. “నీ ఇంట్లోనూ ఉన్నాయేటి?” అని పనసపండామె అడిగేసరికి ఆయనా ఆపేశాడు. ఆమె తన మొగుడి వైపు తిరిగి, పైనుంచి కిందకు చూసి, “అన్నయ్యా, పండు మొయ్యి,” అంది. జీపు జనం రోడ్డు మీద పడి నవ్వారు. నవ్వనిది బొంజన్న ఒక్కడే. కొడుకుల్ని, కూతుళ్లను, మనవల్ని వరసగా తలుచుకుంటున్నట్టుంది, ఆయన ముఖం చూస్తే భయమేసింది.

చివరికి గొంతు సవరించుకున్నాడు.

“జీపు తిప్పరా సుందర్రావా.”

“ఆసుపత్రికా బాబూ?”

“ఆసుపత్రికెందుకు? ఈళ్లింటికి. సంబందం ఖాయం. రగతం కలవలేదు. నాలుగో కాటు దోమది. ఎవులైనా కాదన్నారంటే ఆళ్ల మంచం నాను సూడాల్సొస్తాది.” తర్వాత నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, “అమ్మీ, ఒక్క మాట. నల్లుల సంగతి మీ అత్త కాడ ఎత్తొద్దు,” అన్నాడు.

ఎత్తనని మాటిచ్చాను. నిజంగా ఎత్తలేదు. అయితే ఆ జీపులో ఉన్నది సంత జనం. సంత జనం నోట్లో పడిన మాట జీపుకన్నా ముందు కొండెక్కుతుంది. పెళ్లయి, పసుపు బట్టలతో, డప్పులతో నేను అత్తింటి వాకిట్లో అడుగుపెట్టేసరికి, హారతి లేదు, ఎదురు నీళ్లు లేవు. మా అత్త మంచాన్ని వాకిట్లో బోర్లేసి, సలసల కాగే నీళ్లు కుమ్మరిస్తోంది. తలెత్తి నన్ను చూసి, “నీ మొగుడూ ఈ మంచం మీదే పెరిగినాడు. రా వదినా,” అంది.

నా పెనిమిటి పోయి ఏళ్లు గడిచాయి. బతికినన్నాళ్లూ ఆ “వదినా” గుర్తొస్తే జీపు పక్కకు ఆపి మరీ నవ్వేవాడు.

అందుకే కొండ దేవతల సాక్షిగా, చచ్చిన ముగ్గురు వైద్యుల సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట ఎవరి అరుగు మీదైనా ముసలాయన పడుకుని ఉంటే, ఆయన కాలిని జలగ కాదు, పులి పట్టి నములుతున్నా సరే, ముందు పులిని పక్కకు పిలిచి, “అయ్యా, నువ్వు వైద్యానికి వచ్చినావా, భోజనానికి వచ్చినావా?” అని మర్యాదగా కనుక్కుంటాను. కనుక్కున్నాకే కర్ర ఎత్తుతాను.